హద్దులు మార్చని కథ

హైదరాబాదు మా ఇబ్రహీంపట్నం దాకా పాకుతున్న రోజుల్లో నేనొక ప్రచురణ సంస్థ నడిపాను. సంస్థ అంటే, నిజం చెప్పాలంటే, రియల్ ఎస్టేట్ వెంచర్ల కరపత్రాలు అచ్చువేసే చిన్న ప్రెస్సు. కొత్త రచయితలకు కథల పోటీ పెడితే వందల కథలు వచ్చాయని ఊరంతా చెప్పుకున్నాను. పది కూడా రాలేదు.

బహుమతి ఒక రైతు ఇల్లాలికి వచ్చింది. భూమి అమ్మనన్న ఆడమనిషి బోరు మోటరును వెంచర్ మనుషులు తగలబెట్టిన కథ. అది ఆమె సొంత అనుభవమే. ఆమె పేరు వేయకుండా, పైన 'మొదటి బహుమతి' అని మాత్రం వేసి, అచ్చు ప్రూఫును ప్రెస్సు గోడకు అంటించాను.

కరపత్రాల కోసం వచ్చిన వెంచర్ మనుషులిద్దరు దాన్ని నిలబడి చివరిదాకా చదివారు.

"మస్తుగుంది తాతా. ఎవరు రాసిన్రు?"

పొగడ్త వినగానే నా నోరు ఆగలేదు. "నేనే."

"గట్లనా! మరి గీ భూమి యాడిది?"

కరపత్రాల కట్ట వాళ్ల ముందుకు జరిపాను. "కథ గదా బిడ్డా, అంతా ఉత్తదే."

పెద్దవాడు ప్రూఫు మీద వేలు పెట్టాడు. "తూర్పుకు కాలువ, పడమరకు కూలిన బాయి, ఉత్తరానికి దర్గా బాట. గిది గూడ ఉత్తదేనా?"

మనుషుల పేర్లన్నీ ఆమె మార్చింది. పొలాన్ని హద్దులతోనే చెప్పుకునే మనిషికి వాటిని మార్చాలని తోచలేదు. నాకూ తోచలేదు.

చిన్నవాడు ప్రూఫును మెల్లగా ఊడదీసి మడిచాడు.

"నువ్వు ఫికర్ జెయ్యకు తాతా. ఫస్టొచ్చిందని ఆమెకు మేమే చెప్తం."