పక్కింట్లో పదమూడో ఎక్కం

మొన్న వాన తెరిపి లేకుండా కురిసిన రోజున, మూడో తరగతి చదివే మా మనవరాలి బడివాళ్ళు, ఆ రోజుకు పిల్లలందరూ ఇంటి దగ్గరే చదువుకోవాలని ఫోనుకు కబురు పెట్టారు. తార్నాకలో మాది నాలుగో అంతస్తు ఫ్లాటు. కిటికీ అవతల మెట్రో పోయే చప్పుడు వినబడకుండా ఆ పిల్ల చెవులకు పెద్ద డిప్పల్లాంటివి తగిలించుకుని, భోజనాల బల్ల మీద ట్యాబ్ నిలబెట్టుకుని, అందులోని పంతులమ్మతో పాటు ఇంగ్లీషులో ఎక్కాలు చెబుతోంది. నేను అలవాటు ప్రకారం పక్కన కూర్చుని ముందురోజు డైరీ పూర్తి చేసుకుంటున్నాను. పదమూడో ఎక్కంలో నాలుగో మెట్టు దగ్గర అది ఆగిపోయి నా వైపు చూసింది. నా నోట్లోంచి నాకు తెలియకుండానే "బావన్" అని వచ్చింది. ఒక డిప్ప పక్కకు జరిపి, "అదేం లాంగ్వేజ్ నానమ్మా?" అంది. యాభై రెండు అని చెప్పి దాన్ని పాఠంలోకి పంపేశాను గానీ, ఆ పూట నా డైరీ మాత్రం ముందుకు సాగలేదు.

నా ఈడువాళ్ళకు పంతొమ్మిది వందల అరవై తొమ్మిది అంటే వేరే చెప్పనక్కర్లేదు. ప్రత్యేక రాష్ట్రం కావాలని ఊరంతా అట్టుడికిన ఏడు అది. కాలేజీలు మూతపడ్డాయి, వాటి వెనకే మా బళ్ళూ మూతపడ్డాయి. రేపు తెరుస్తారు, ఎల్లుండి తెరుస్తారు అనుకుంటూనే నెలలు గడిచిపోయాయి. మేము యూనివర్సిటీ ఆవరణలోనే, తార్నాక వైపు ఉన్న ఉద్యోగుల క్వార్టర్లలో ఉండేవాళ్ళం. బాపు యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. అమ్మ, బాపు, నేను, తమ్ముడు కాక, బాపుకు తమ్ముడైన మా చిన్నాయిన కూడా మా ఇంట్లోనే ఉండి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతుండేవాడు. చదువుతుండేవాడు అనడం కూడా మాట వరసకే. ఆ ఏడంతా ఉద్యమంలో తిరుగుతూ, పొద్దున పోయినవాడు ఏ రాత్రికి వస్తాడో, వస్తాడో రాడో కూడా తెలిసేది కాదు. తన బెంచీలో పక్కన కూర్చునే స్నేహితుడికి తుపాకి గుండు తగిలిన తర్వాత ఇంట్లో ఆయన నవ్వడం మానేశాడు. ఆ విద్యార్థుల కోపం ఊరికే పుట్టింది కాదని, చదువుకున్నా తమకు నౌకరీలు దొరకవన్న దిగులు దాని వెనక ఉందని నాకు పెద్దయ్యాక అర్థమైంది. అప్పుడు మాత్రం బూట్ల చప్పుడు, నినాదాలు, కళ్ళు మండించే పొగ, ఇవే అర్థమయ్యేవి.

బడి లేకపోతే పిల్లలు రాళ్ళ గుట్టల మీద పడి తిరుగుతారని బాపుకు బెంగ. అందుకని ఇంట్లోనే బడి పెట్టాడు. అయితే ఒక చిక్కు వచ్చింది. నిజాం కాలంలో చదువుకున్నవాడు కాబట్టి బాపు చదువంతా ఉర్దూలో సాగింది. లెక్కల్లో ఆయనకు తిరుగు లేదు గానీ, తెలుగు వాచకం తెరిస్తే మాకంటే మెల్లగా చదివేవాడు. కాబట్టి ఎక్కాలు మాకు ఉర్దూలోనే వచ్చాయి. తేరా ఏకం తేరా, తేరా దూనీ ఛబ్బీస్ అని పదమూడో ఎక్కం ఆయన వరండాలో పడక కుర్చీలో కళ్ళు మూసుకుని అందించేవాడు, మేము అందుకునేవాళ్ళం. తెలుగు చెప్పడానికి పక్కింటి పిన్ని ఒప్పుకుంది. వాళ్ళది ఏలూరు వైపు. ఆమె భర్త కెమిస్ట్రీ ల్యాబులో డెమాన్‌స్ట్రేటరు. వాళ్ళమ్మాయిదీ నాదీ ఒకటే తరగతి. రెండిళ్ళకూ మధ్య పెరటి గోడలో రాళ్ళు ఊడిపోయిన సందు ఒకటుండేది. పొద్దున ఆ పిల్ల అందులోంచి మా ఇంటికి లెక్కలకు వచ్చేది. ఎండ ఎక్కాక ముగ్గురం అందులోంచే వాళ్ళింటికి తెలుగుకు పోయేవాళ్ళం.

పిన్నికి మా ఎక్కాలంటే నవ్వులాట. ఉర్దూలో ఆరంటే ఛే కాబట్టి, "ఏవిటర్రా, ఛే ఛే అంటూ ఎవర్ని ఛీ కొడుతున్నారు?" అని గోడ మీంచి ఆటపట్టించేది. బాపు కూడా తక్కువ తినలేదు. "లెక్క తప్పితె చెప్పు చెల్లె, దిద్దుకుంట" అనేవాడు. ఆ ఏడు ఆ రెండిళ్ళ మధ్య నవ్వు అనేది ఉంటే, అది ఆ గోడ దగ్గరే ఉండేది.

రాను రాను అదీ తగ్గింది. కోస్తా వైపు నుంచి వచ్చిన వాళ్ళ ఇళ్ళ ముందు గుంపులు నిలబడుతున్నాయని, వెళ్ళిపొమ్మంటున్నారని వినబడసాగింది. పిన్నివాళ్ళ గేటుకు ఉండే పేరు పలక ఒకనాడు కనబడలేదు, మేకుల గుర్తులు మాత్రం మిగిలాయి. ఒక రాత్రి చిన్నాయిన అన్నం తింటూ, తల ఎత్తకుండానే, "వదినా, పిల్లల్ని ఆ ఇంటికి తోలకుండ్రి. బయట మాటలొస్తున్నయ్" అన్నాడు. అమ్మ బాపు వైపు చూసింది. బాపు నిదానంగా, "తెలుగు నువ్వు చెప్పు. రేపే మానిపిస్త" అన్నాడు. చెప్పడానికి చిన్నాయినకు తీరిక ఎక్కడిది? పైగా, వచ్చిన కొత్తలో ఆయన కూడా ఆ పిన్ని చేతి పులిహోర గిన్నె ఊడ్చుకుని తిన్నవాడే. మరునాడు మేము ఎప్పటిలాగే సందులోంచి దూరాం. కాని అమ్మ ఆ రోజు నుంచి మా వెనకే గోడ దాకా వచ్చి, మేము లోపలికి వెళ్ళేదాకా నిలబడేది. ఈ బడి ఇంకెన్నాళ్ళు ఉంటుందో, పిన్నివాళ్ళు ఉంటారో పోతారో అన్న భయం నాకు అప్పుడే మొదలైంది.

నేను చెప్పదలచుకున్న రోజు అలాగే మొదలైంది. పొద్దున తమ్ముడు పదమూడో ఎక్కంలో నాలుగో మెట్టు దగ్గర తప్పాడు. రోజూ అక్కడే తప్పేవాడు. సాయంత్రానికల్లా రాకపోతే ఆట బంద్ అని చెప్పి, కర్ఫ్యూ సడలించిన వేళలో కూరగాయలు తెద్దామని బాపు తార్నాకకు వెళ్ళాడు. పిన్ని భర్త, తన తల్లికి జబ్బుగా ఉందని ఊరికి పోయి ఉన్నాడు. మేము ముగ్గురం పిన్ని ముందు చాప మీద కూర్చుని ఉక్తలేఖనం రాస్తున్నాం. ఇంతలో కాలేజీ వైపు నుంచి ముందు కేకలు, తర్వాత పటపటమని చప్పుళ్ళు, కాసేపటికి పొగ వచ్చాయి. పిన్ని తలుపులు, కిటికీలు మూసింది. తువ్వాళ్ళు తడిపి మా కళ్ళకు అద్దింది. అద్దుతూనే గొంతు తగ్గించి తర్వాతి వాక్యం చెప్పింది. పలక మీద అక్షరాలు కనబడకపోయినా రాశాం. మనం పని మానేస్తే భయం ఆ చోట్లో కూర్చుంటుందని ఆమెకు ఎవరు చెప్పారో ఏమో.

అప్పుడే గేటు గొలుసు చప్పుడైంది. చాలా మంది అడుగులు వినబడ్డాయి. "ఎవలిల్లు ఇది? ఎవలున్నరు లోపట?" అని ఒక గొంతు అరిచింది. పిన్ని సమాధానం చెప్పడానికి నోరు తెరిచింది, మళ్ళీ మూసేసింది. ఎందుకో నాకప్పటికే తెలుసు. ఆమె నోరు విప్పి ఒక్క మాట అన్నదంటే, ఆ యాసే ఆమె ఊరు చెప్పేస్తుంది. బయట ఎవరో కర్రతో గేటును కొట్టారు. తమ్ముడు, సాయంత్రం ఆట గుర్తొచ్చిందో, బాపు గుర్తొచ్చాడో, గట్టిగా "తేరా ఏకం తేరా" అని మొదలుపెట్టాడు. నేను అందుకున్నాను. పిన్ని కూతురూ అందుకుంది. తేరా దూనీ ఛబ్బీస్. తేరా తియా ఉన్‌తాలీస్. బయట చప్పుడు సద్దుమణిగింది. తేరా చౌకే, అన్నాడు తమ్ముడు. రోజూ ఆగే చోటే ఆగిపోయాడు. నాకూ, ఆ పిల్లకూ ఆ అంకె తట్టలేదు.

"బావన్" అంది పిన్ని.

తలుపు వైపు తిరిగి, స్పష్టంగా, బాపు అన్నట్టే అంది. అన్నాళ్ళూ వెక్కిరిస్తూనే గోడ అవతల నుంచి విని విని నేర్చుకుందన్నమాట. ఆమె అందించిన చోటు నుంచి మేము మళ్ళీ సాగించాం. బయట ఎవరో నవ్వారు. "మనోల్లేరా బై, ఉర్దూల సదువుతున్నరు" అన్నాడు ఒకడు. ఒక క్షణం ఆగి, ఇంకొక గొంతు, "నడువుండ్రి. చిన్న పిల్లలు సదువుకుంటున్నరు. నడువుండ్రి ఈడికెల్లి" అంది.

ఆ గొంతు చిన్నాయినది. తమ్ముడి ముఖం వెలిగిపోయింది. తలుపు వైపు లేవబోతుంటే పిన్ని వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమె ముఖం చూశాను. ఆమె కూడా ఆ గొంతు గుర్తుపట్టింది. వాళ్ళను మళ్ళించడానికే ఆయన వాళ్ళతో వచ్చాడా, లేక వాళ్ళతో వచ్చాక మా గొంతులు, ఆ "బావన్" విని మళ్ళాడా?

బాపు పరుగున వచ్చి, సందులోంచి దూరి, "ఎవలన్న వచ్చిన్రా చెల్లె?" అని అడిగితే, పిన్ని, "ఎవరూ రాలేదన్నయ్యగారూ. పిల్లలు బాగా చదివారు" అంది. మేము పలకలు సర్దుకున్నాం. ఏ రోజు ఏం నేర్చుకున్నామో ఆ సాయంత్రం రాసి చూపించాలని బాపు నియమం. నా డైరీల అలవాటుకు మొదలు అదే. ఆ రోజు నేను రాసింది, ఉక్తలేఖనం సగమే అయింది, తమ్ముడికి పదమూడో ఎక్కం వచ్చింది, అని. రాత్రి చిన్నాయిన ఎర్రబడిన కళ్ళతో వచ్చి, కంచం ముందు కూర్చుని, నన్ను చూడకుండానే, "ఇయ్యాల ఏం సదివినవ్?" అన్నాడు. పదమూడో ఎక్కాన్ని ఉర్దూలోనే, తేరా కా పహాడా అన్నాను. ఆయన అన్నం అలాగే వదిలి లేచిపోయాడు.

ఏమీ జరగలేదు కదా, ఒక్క రాయి కూడా పడలేదు కదా, ఇక పిన్ని ఎందుకు పోతుంది అని నేను నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. కానీ ఆమె భర్త వచ్చిన మరునాడే సామాన్లు కట్టారు. ఏలూరులోనే ఏదో కాలేజీలో ఉద్యోగం చూసుకుంటాడని బాపుతో చెప్పారు. రిక్షా వచ్చింది. ఇనప్పెట్టె బరువుకు ఆయన తంటాలు పడుతుంటే, ఎవరూ పిలవకుండానే చిన్నాయిన వెళ్ళి, దాన్ని భుజానికెత్తుకుని రిక్షాలో పెట్టాడు. పెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. పిన్ని ఆయన వంక చాలా సేపు చూసింది. "నువ్వూ చదువుకో నాయనా" అంది. అంతే. రిక్షా మెట్టుగూడ మీదుగా సికింద్రాబాదు స్టేషన్ వైపు మళ్ళింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూనే ఉంది. చిన్నాయిన ఇంట్లోకి రాలేదు, పిన్నివాళ్ళ గేటు దగ్గరే మేకుల గుర్తులు చూస్తూ ఉండిపోయాడు.

బడి తెరిచాక పంతులుగారు ఎక్కం చెప్పమంటే నేను ఉర్దూలో అందుకున్నాను, తరగతంతా పగలబడి నవ్వింది. అప్పుడు నాకు తట్టింది, ఏలూరులో ఆ పిల్ల కూడా ఇలాగే నిలబడి ఇలాగే నవ్వులపాలవుతూ ఉంటుందని. వాళ్ళ నుంచి ఉత్తరం రాలేదు. చిన్నాయిన ఆ తర్వాత బడిపంతులయ్యాడు, ఊళ్ళన్నీ తిరిగాడు. పెళ్ళిళ్ళలోనో చావుల్లోనో కలిసినప్పుడు, మిగతా వాళ్ళు లేచిపోయాక, "వాళ్ళ జాడ ఏమన్న తెలిసిందా బిడ్డా?" అని నన్ను అడిగేవాడు. తెలియలేదనేదాన్ని. ఆ రోజు ఎందుకు వచ్చావని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడు ఆయన కూడా లేడు.

ఆ క్వార్టర్ల వైపు ఈ మధ్య వెళ్ళినప్పుడు చూశాను, గోడ ఎత్తుగా, సందు లేకుండా పూసి ఉంది. మా ఫ్లాట్లలో మొన్న ప్రతి అంతస్తులోనూ ఒక పిల్లో పిల్లాడో అదే ఎక్కం చెబుతున్నారు, ఎవరి తలుపు వెనక వాళ్ళు. ఒకరు ఆగితే అందించేవాళ్ళు ఇంకో ఇంట్లో ఉన్నారని వాళ్ళకు తెలియదు. భయం లేని రోజులు కాబట్టి ఆ అవసరం లేదేమో, అంతా మంచికేనేమో. నేను మాత్రం కూరలవాడి లెక్కయినా, మందుల లెక్కయినా ఇప్పటికీ ఉర్దూలోనే చూసుకుంటాను. తేరా చౌకే దగ్గరికి వచ్చేసరికి కాసేపు ఆగుతాను. జవాబు తెలియక కాదు. అక్కడ అందించే గొంతు ఒకటుంది, దానికి చోటు వదలాలి.