మా అత్తమ్మకు నచ్చని నవల

మా అత్తమ్మ పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. శామీర్‌పేట నుంచి మరిది ఫోన్ చేసినప్పుడు నేను మేడ్చల్‌లో మా బడిలో ఎనిమిదో తరగతికి సంధులు చెప్తున్నాను. "వదినా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, అరుగు మీదనే ఒరిగింది" అన్నాడు. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆటోలో కూర్చున్నాక చూసుకుంటే అరచేయంతా తెల్లగా ఉంది.

ఆమె గురించి రాద్దామని కూర్చుంటే ముందు చిరాకే వస్తోంది. పాఠకులు క్షమించాలి. ఇరవై రెండేళ్లు ఆమెకు కోడలిని. అందులో పదేళ్లకు పైగా ఒకే ఒక్క నవల మీద పోట్లాడుకున్నాం.

మూడో రోజు మా పాఠకుల బృందం పలకరింపుకు వచ్చింది. అల్వాల్‌లో ఒక రిటైర్డ్ నర్సు గారి వరండాలో నెలకోసారి కలిసే పదిమంది ఆడవాళ్లం మేము. వచ్చారు, చాప మీద కూర్చున్నారు, కళ్లు తుడుచుకున్నారు. పావుగంట గడిచిందో లేదో మాలోని లెక్చరర్ గారు, "పాపం, చివరిదాకా ఆవిడకు ఆ పాత్ర అర్థమే కాలేదు" అన్నారు. "అర్థమైంది కాబట్టే తిట్టింది" అన్నారు నర్సు గారు. ఇక మొదలు. పోయిన మనిషి ఫోటో ముందు, దీపం వెలుగుతుండగా, ఆ నవల మీద మళ్లీ వాదన. నేను లోపలికి వెళ్లి చాయ్ పెట్టాను. ఇంకేం చెయ్యగలను.

ఆ నవల పేరు ఇక్కడ రాయను. రాస్తే రెండు పక్షాల నుంచీ ఉత్తరాలు వస్తాయి, నాకు ఓపిక లేదు. పాత నవల. మా అమ్మ తరం చదివింది, మా తరమూ చదివింది. పదిహేడేళ్ల కుర్రవాడిని తండ్రి పట్నంలో కాలేజీకి పంపుతాడు. దారిలో ఏదో తెలియని ఊళ్లో రైలు ఆగితే వాడు దిగిపోతాడు. ఏడాది పాటు అక్కడే ఒక పెంకుల బట్టీలో పని చేస్తాడు. ఇంటికి ఒక్క ఉత్తరం ముక్క రాయడు. చివరి అధ్యాయంలో తిరిగొచ్చి సొంత వాకిట్లో నిలబడతాడు. అక్కడితో కథ ఆగిపోతుంది.

వాడంత నిజాయితీపరుడు మరొకడు లేడని సగం మంది అంటారు. వాడంత స్వార్థపరుడు లేడని మిగతా సగం. మధ్యలో నిలబడే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. నేను మొదటి పక్షం. పందొమ్మిదో ఏట చదివి ఒక పూటంతా ఏడ్చాను. ఎవరైనా వాడిని ఒక మాట అంటే నన్ను అన్నట్టే ఉండేది.

తొంభైల చివర్లో అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయింది. అల్వాల్‌లో మా ఇంట్లో నలభై రోజులు ఉంది, నల్ల అద్దాలు పెట్టుకుని. ఆమె చదువు నాలుగో తరగతి వరకే. తోట, బర్రెలు, కూలీలు తప్ప ఇంకో లోకం లేని మనిషి ఖాళీగా కూర్చోలేక ఇంట్లో అందరినీ సతాయించేది. ఆ నెల మా బృందానికి ఆ నవలే వంతు. నేను చదువుకుంటుంటే "నోటితోని జదువు, నేను సుత ఇంట" అంది. నా పొరపాటు అక్కడే జరిగింది.

బడి నుంచి రాగానే సాయంత్రం గంటసేపు చదివేదాన్ని. రెండో రోజే ఆపింది.

"వాడు పొద్దుగాల ఏం తిన్నడు?"

"రాయలేదు అత్తమ్మా."

"నెల రోజులాయె. ఏం తినకుంటనే బట్టీల పని జేస్తున్నడా?"

"తిన్నడనే అర్థం. అన్నీ రాస్తరా?"

"మరి మబ్బుల గురించి రెండు పేజీలు రాసిండు గద."

పుస్తకం మూసేశాను. మర్నాడు బడి నుంచి వచ్చి చెప్పులు విడవకముందే "ఇగ జదువు" అంది.

తొమ్మిదో అధ్యాయంలో వాన పడుతుంటుంది. కుర్రవాడు టీ కొట్టులో కూర్చుని ఎదురుగా తడుస్తున్న పోస్టాఫీసును చూస్తూ ఉంటాడు. చాలామంది పాఠకులకు ప్రాణమైన ఘట్టం అది. అత్తమ్మ చెయ్యి ఎత్తింది.

"ఆగు. మళ్ల జదువు."

చదివాను.

"పోస్టాఫీసు ఎదురుంగనే ఉన్నది."

"ఉంది."

"చాయ్ తాగుతున్నడు. అంటే జేబుల ఏదో ఉన్నది."

"ఉంది."

"ఒక్క కార్డు ముక్క రాస్తే ఏం పోయింది వానికి? బతికున్ననే అమ్మా అని."

అరగంట చెప్పాను. వాడు తనెవరో తెలుసుకోవాలనుకుంటున్నాడనీ, ఉత్తరం రాస్తే మళ్లీ ఆ ఇంటి కొడుకైపోతాననే భయమనీ, లోపల ఎంత నలుగుతున్నాడో చూడమనీ. నలభై మంది పిల్లలకు అర్థమయ్యేలా పాఠం చెప్పే మనిషిని నేను. ఆమె అంతా విని, "నువ్వు చెప్పిందే కార్డు మీద రాసి పంపరాదా మరి" అంది.

చివరి పేజీ చదివిన రోజు మాత్రం పుస్తకం తన చేతిలోకి తీసుకుంది. తర్వాత "వాకిట్ల నిలవడ్డడు గద. తల్లి తలుపు తీసిందా?" అని అడిగింది. రాయలేదన్నాను. "తీస్తది. ముందుగాల అన్నం వెడ్తది. తిట్టుడు రేపు" అంది, ఆ ఇల్లు తనకు తెలిసిన ఇల్లయినట్టు.

ఆ నెల సమావేశానికి తనూ వస్తానంది. నల్ల అద్దాలతో వరండాలో ఓ మూల కుర్చీలో కూర్చుంది. మావాళ్లు ఎప్పటిలాగే రెండుగా చీలి గంటసేపు వాదించుకున్నారు. అప్పుడు ఆమె పోస్టాఫీసు సంగతి ఎత్తింది. లెక్చరర్ గారు నెమ్మదిగా, "అమ్మా, సాహిత్యంలో అట్లా చూడకూడదు" అన్నారు. "సాహిత్యంల పోస్టాఫీసులు పన్జెయ్యయా?" అని అడిగింది అత్తమ్మ. నర్సు గారు చాయ్ పొలమారి లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు సభ మరి ముందుకు సాగలేదు. ఇంటికి నడుస్తూ నేను రెండడుగులు ముందే ఉన్నాను. ఆమె మాత్రం మంచి పెండ్లికి పోయి వస్తున్నట్టు హుషారుగా ఉంది.

కళ్లు బాగయ్యాక నా పుస్తకం పట్టుకుని శామీర్‌పేట పోయింది, తిరిగి ఇవ్వలేదు. అక్షరం అక్షరం వేలితో కూడబలుక్కుంటూ ఎనిమిది నెలలు చదివింది. అయ్యాక మళ్లీ మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇంకోసారి. నచ్చని పుస్తకం మూడుసార్లు ఎందుకు చదువుతున్నారని అడిగితే, "ఈపారన్న రాస్తడేమోనని" అంది. నవ్విందో లేదో కూడా తెలియలేదు.

ద్రాక్ష తోటలో పనికొచ్చే ఆడవాళ్లందరికీ వాడి కథ చెప్పేది, మా చుట్టాల పిల్లగాడన్నట్టే చెప్పేది. ఒకసారి మేడ్చల్ బస్సులో ఎవరో ముసలావిడ నా పక్కన కూర్చుని, "మీ అత్తమ్మ చెప్పింది, బండి దిగిపోయిన పిల్లగాడు మళ్ల ఇంటికొచ్చిండంట గద. తల్లి మంచిగున్నదా?" అని అడిగింది. బాగుందని చెప్పాను. ఇంకేం చెప్పాలి?

ఆమెతో ఏ పని పెట్టుకున్నా ఇంతే. మమ్మల్ని బస్సెక్కించి ఊరుకునేది కాదు. కండక్టర్‌ను పిలిచి "మా కోడలు, అల్వాల్ల దించు" అని చెప్పేది. నాకు నలభై ఏళ్లు, పిల్లలకు భూగోళం కూడా చెప్తాను. "చేరినంక ఫోన్ కొట్టు" అనేది. మరిచిపోతే మా పక్కింటికి ఫోన్ చేసేది, అక్కడ ఎత్తకపోతే కింది దుకాణానికి. "నీ తొవ్వల నువ్వు పో బిడ్డా, నేనేమన్నంటనా? యాడున్నవో చెప్పి పో" అనేది. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. విన్న ప్రతిసారీ ఒళ్లు మండేది.

ఆ కంటి ఆపరేషన్ తర్వాత ఐదారేళ్లకు మా అమ్మాయిని కొంపల్లి వైపు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్‌కి వేశాం. ఇంజనీరింగ్ సీటు కొట్టాలని నాకూ మా ఆయనకూ పట్టుదల. రెండో ఏడు ఆదివారాల ఫోన్లలో పిల్ల "మమ్మీ, నాకు ఊపిరాడ్తలేదు" అనేది. "ఆర్నెల్లు ఓర్చుకో" అనేదాన్ని. ప్రతి ఆదివారం అదే మాట. తను అనడం, నేను అనడం.

పరీక్షలు ఇంకో నెల ఉన్నాయనగా ఒక మధ్యాహ్నం బడికి ఫోన్ వచ్చింది. అత్తమ్మ.

"పిల్ల నా తాన ఉన్నది. అన్నం తిన్నది, పన్నది. నువ్వు ఇయ్యాల రాకు, రేపు రా."

పెట్టేసింది. హాస్టల్ వాళ్లకు ఫోన్ చేస్తే వాళ్లకు పిల్ల లేదన్న సంగతే తెలియదు. సెలవు చీటీ రాసి షేర్ ఆటో ఎక్కాను.

నేను వెళ్లేసరికి అత్తమ్మ గడప మీద కూర్చుని ఉంది. గడప మీద ఎవరు కూర్చున్నా కసిరే మనిషి, ఆ రోజు అడ్డంగా తనే కూర్చుంది.

"లేవుండ్రి అత్తమ్మా. దాన్ని తీస్కపోవాలె."

"పన్నది."

"లేపుతా."

"లేపకు. ఎన్నడు నిద్రవోయిందో ఏమో, తల ఆనియ్యంగనే పన్నది."

నాకు తిక్క రేగింది. "ఆ నవలల పిల్లగాణ్ని ఇన్నేండ్ల సంది తిడ్తున్నరు. మన పిల్ల అదే పని జేస్తే అన్నం వెట్టి పండవెడ్తరా?"

ఆమె నా వంక చూసింది. "బండి దిగిండని ఎన్నడన్న తిట్టిన్నా? యాది జేస్కో. కార్డు రాయలేదని తిట్టిన." మళ్లీ తనే చెప్పింది. "గేటు దాటంగనే ఎస్టీడీ బూత్‌ల కెల్లి ఫోన్ జేసింది నీ బిడ్డ. అవ్వా, నేను వచ్చేస్తున్న, చెప్పకుంట వస్తే తిడ్తవని చెప్తున్న అన్నది. రెండు బస్సులు మారి నా తానికే వచ్చింది. ఇంకెటన్న వోతే ఏం జేస్తుంటివి?"

నేను ఆమె భుజం మీంచి లోపలికి తొంగి చూశాను.

"వాడంటే నీకు మస్తు పాణం గద. వానికోసం ఏడ్సిన అంటివి. మరి మనింటి పిల్ల దిగుతే గింత పరేషాన్ ఎందుకైతున్నవ్?"

సిగ్గు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. అరుగు మీద కూలబడ్డాను. పుస్తకంలో కుర్రవాడి పక్షాన ఇరవై ఏళ్లు వాదించిన దాన్ని, సొంత బిడ్డ పక్షాన ఒక్క ఆదివారం నిలబడలేదు. ఆ మాట ఆమె అనలేదు. అననందుకే ఇంకా మండింది.

ఐదింటికి పిల్ల లేచింది. జుట్టు చెదిరి, చెంప మీద చాప అచ్చులతో తలుపు దాకా వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది. ఇప్పుడేదైనా సర్ది చెప్తుందని అత్తమ్మ వైపు చూశాను. ఆమె గడప మీద నుంచి లేచి, చీర దులుపుకుని, "మీరు మాట్లాడుకోండ్రి. నాకు కుడితి కలిపేది ఉన్నది" అని పెరట్లోకి పోయింది. అంతదాకా అడ్డం కూర్చున్న మనిషి అట్లా వదిలేసి పోతుందని నేనూ అనుకోలేదు, పిల్లా అనుకోలేదు. తర్వాత నేనే అడిగాను, తిన్నవా అని.

పిల్ల మళ్లీ హాస్టల్‌కు పోలేదు. శామీర్‌పేట నుంచే పరీక్షలు రాసి బొటాబొటీగా పాసైంది. ఏడాది అవ్వ దగ్గరే ఉండి పేడ తీసింది, దూడలకు మందు పోసింది, మరుసటేడు పశువైద్యం డిప్లొమాలో చేరింది. ఇప్పుడు మేడ్చల్ దగ్గర పశువుల దవాఖానాలో పనిచేస్తోంది. మా ఆయన రెండు నెలలు తల్లితో మాట్లాడలేదు. నేను మాట్లాడాను, ముక్తసరిగా. మనసు తేలికవుతుందని మా బృందంలో చెప్పుకుంటే వాళ్లు నా బిడ్డ మీద కూడా రెండుగా చీలారు. ధైర్యం గల పిల్ల అని లెక్చరర్ గారు, గారాబం ఎక్కువైందని నర్సు గారు. చెప్పులేసుకుని వచ్చేశాను. ఆరు నెలలు అటు పోలేదు.

పోయిన వేసవిలో ఆ నవల మరో కాపీ కొనుక్కుని చదివాను. ఇప్పటికీ నేను వాడి పక్షమే. కాకపోతే తొమ్మిదో అధ్యాయంలో వాన బాగుందనిపించలేదు. ఎప్పుడు రాస్తాడా అని చూస్తూ కూర్చున్నాను. ఆ సంగతి అత్తమ్మకు చెప్పలేదు. చెప్తే ఊరంతా చెప్పుకుంటుందని ఊరుకున్నాను. చెప్పి ఉండాల్సింది. ఊరంతా చెప్పుకున్నా ఏమయ్యేది? మా అమ్మాయి ఆ రోజు ఎవరికి ఫోన్ చేయాలో ఆలోచించుకోవలసిన అవసరం రాలేదంటే, అది ఆమె విసిగించి విసిగించి పెట్టిన భిక్ష.

పదకొండో రోజు సాయంత్రం చుట్టాలంతా వెళ్లిపోయారు. అత్తమ్మ చేతికే అలవాటు పడ్డ పెద్ద బర్రె అప్పటికి పది రోజులుగా ఎవరికీ సరిగ్గా పాలివ్వడం లేదు. మరిది కూర్చుంటే తన్నింది, తోడికోడలు కూర్చుంటే పక్కకు జరిగింది. మా అమ్మాయి దవాఖానా నుంచి అట్లాగే వచ్చి, దండెం మీది అవ్వ నీలం చీర తీసి తన బట్టల మీదనే చుట్టుకుంది. తలమీదికి కొంగు లాక్కుని గిన్నె పట్టుకుని కూర్చుంది. బర్రె మెడ తిప్పి ఆ చీరను వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా మేత వైపు తిరిగింది. గిన్నెలో పాలధార పడుతున్న చప్పుడు నేను నిలబడ్డ చోటికి వినిపించింది.