గ్రహాంతరవాసులు లేరని నేను వాదించిన ఆదివారం

ఆకాశంలో తెలివైన వాళ్లెవరైనా ఉంటే ఇన్నాళ్లూ ఎందుకు పలకలేదు? ఈ ప్రశ్న మీద వాదించడానికి మూడేళ్ల కిందట, మార్చి నెలలో ఒక ఆదివారం సాయంత్రం మా ఊరి వర్తక సంఘం హాల్లో చేరాం. నేనప్పుడు కాలువల ఆఫీసులో గుమస్తాను. ఆదివారాలు హేతువాదిని. వాస్తుతో, చేతబడితో, బాబాలతో పాతికేళ్లు పోట్లాడి అలిసిపోయి ఆ ఏడు గ్రహాంతరవాసుల మీద పడ్డాను. వాళ్లయితే మనోభావాలు దెబ్బతిన్నాయని కేసు పెట్టరు.

సభాధ్యక్షుడు కిరాణా వ్యాపారి. కుర్చీలూ టీలూ ఆయనవి కాబట్టి తొలి పలుకులూ ఆయనవే.

"ఇవన్నీ మన పెద్దోళ్లకి ఎప్పుడో తెలుసండి. పురాణాల్లో విమానాలు ఎక్కడివనుకున్నారు? ఆళ్లవేనండి" అన్నారు.

"మరి ఇప్పుడెందుకు రావట్లేదండి?" అన్నాను.

"కలికాలం కదండి!"

"అంటే అంత దూరం నుంచీ పంచాంగం చూసుకునే బయల్దేరతారన్నమాట."

హాలంతా నవ్వింది. నాకు ఊపొచ్చింది. ఎగిరే పళ్లేలు చూశామనే వాళ్లను వరసపెట్టి ఉతికాను. అంత దూరం ప్రయాణం చేసి వచ్చినవాళ్లు ఒకే ఒక్క మనిషికి, అదీ మసక ఫోటోలో కనపడి పోవడమేమిటి? మండపేటలో రైసుమిల్లు ముందు, లారీల వరుస పక్కన, పట్టపగలు దిగమనండి. ముఠా కూలీలంతా చూస్తారు, సాక్ష్యానికి లోటుండదు. టీవీలో పొద్దున్న జాతకాలు చెప్పినాయనే మధ్యాహ్నం గ్రహాంతర నిపుణుడై కూర్చుంటున్నాడు. కుర్చీ మారలేదు, బొట్టు మాత్రం చెరుపుకున్నాడు. ఇలా సాగి సాగి, "దశాబ్దాలుగా పెద్ద పెద్ద ఏంటెనాలు ఆకాశం వైపు తిప్పి వింటున్నాం. ఒక్క కబురు లేదు. కబురు లేదంటే పంపేవాడు లేడు, అంతే" అని ముగించాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

నాకు ఎదురు వాదించాల్సినావిడ కాలువ చిట్టచివరి ఊళ్లో చర్చి బడి టీచరు. ఆమె లేవగానే నేను ఊరుకోలేక, "టీచరు గారు దేవదూతల్ని దింపుతారేమో చూద్దాం" అన్నాను.

"దేవదూతల పని పొద్దున్న ఆరాధనలో అయిపోయిందండి. సాయంత్రం మీతోనే పని" అన్నారావిడ. ఈసారి నవ్వు ఆమె వాటాకి వెళ్లింది. "ఆకాశం ఎంత మేర విన్నారండి?"

"చాలానే విన్నాం."

"చాలా అంటే ఎంతండి? మా పిల్లలు అలా రాస్తే మార్కులెయ్యను."

నిజం ఒప్పుకోక తప్పలేదు. విన్నది ఆకాశంలో చిన్న ముక్క. అదీ కొన్ని తరంగాల మీదే, కొంతకాలమే. చాలా నక్షత్రాల నుంచి కబురు రావాలంటే వందల ఏళ్లు పడుతుంది.

"అంటే ఆళ్లు ఇవాళ కేకేస్తే మీ ముని మనవడికి కూడా వినపడదన్నమాట. ఈలోపు మీరు లేరని రాసేస్తారా?" అన్నారు. "సరేనండి, ఆకాశం దూరం. మా ఊరు ఇక్కడికి పద్దెనిమిది కిలోమీటర్లు. కాలువ లాకుల దగ్గర బోర్డు మీద మీ ఆఫీసు నంబరుంది. పది రోజులుగా చేస్తున్నామండి. మోగుద్ది, ఎవరూ ఎత్తరు. ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు మా దాకా రావట్లేదు. పైనున్న చేపల చెరువులోళ్లు ఇంజన్లు పెట్టి లాగేస్తున్నారు. వచ్చే నెల కాలువలకి నీళ్లు కట్టేస్తారు. ఈలోపు మా మంచినీళ్ల చెరువు నిండకపోతే ఎండాకాలం ఏం తాగాలండి? ఇంతకీ మీ వారం రిపోర్టులో మా ఊరి గురించి ఏం రాశారు?"

ఆ రిపోర్టు రాసేది నేనే. హాల్లో అందరికీ తెలుసు.

"ఫిర్యాదులు లేవని రాశానండి."

"ఆయ్. కబురు లేదంటే పంపేవాళ్లు లేరు" అని ఆమె కూర్చున్నారు. అధ్యక్షులవారు టీలు తెమ్మని కేకేశారు.

సోమవారం ఆఫీసుకెళ్లి ఫోన్ వెతికాను. బీరువా పక్కన, పాత ఫైళ్ల కట్ట వెనక ఉంది. పని చేస్తోంది. అడుగున గంట శబ్దం తగ్గించే మీట ఉంటుంది. దాన్ని పూర్తిగా తగ్గించేసి ఉంది. తగ్గించింది నేనే. కిందటి వానాకాలం మూఢనమ్మకాల మీద వ్యాసం రాసుకుంటుంటే ఊరికే మోగి విసిగించిందని. మీట పైకి తోశాను. టీ తాగేలోపు మూడుసార్లు మోగింది. మూడూ కాలువ చివరి ఊళ్ల నుంచే.

ఆ వారం రిపోర్టులో ఫిర్యాదుల గడిలో 'ఫోన్ గంట ఆపి ఉన్నందున ఇన్నాళ్లూ తెలియలేదు' అని రాశాను. మా ఆఫీసరు గారు ఎర్ర సిరాతో కొట్టేశారు.

"ఏంటండీ ఇది? ఫారంలో 'ఉన్నాయి', 'లేవు' రెండే ఉన్నాయి. 'తెలియదు' ఎక్కడి నుంచి తెచ్చారు?"

'ఉన్నాయి' అని దిద్దాను. కాలువ మీద కాపలా తిరిగే లస్కర్లను పంపి ఇంజన్లు ఆపించారు. నీళ్లు చివరి ఊరికి చేరేసరికి కాలువ కట్టేసే రోజు దగ్గరికొచ్చేసింది. ఆ రోజు స్కూటరు మీద వెళ్లి చూశాను. చెరువుకి పదకొండు మెట్లు. నీళ్లు కింద నుంచి అయిదో మెట్టు దగ్గర ఆగాయి. టీచరు గారు గట్టు మీద ఉన్నారు.

"సగమేనండి" అన్నాను.

"సగం కూడా లేదండి. మొదటి రోజే ఎత్తుంటే నిండేది." థాంక్స్ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది గనక. "ఇంతకీ ఆకాశంలో వాళ్ల సంగతి ఏం తేల్చారండి?"

"తెలియదండి."

"ఇదేదో ఆదివారమే అనుండొచ్చుగా" అన్నారు.

గ్రహాంతరవాసులు ఉన్నారని నేను ఇప్పటికీ నమ్మను. ఆధారం చూపిస్తే నమ్ముతాను. కానీ సభల్లో 'లేరు' అనడం మానేశాను. ఇంత మేర విన్నాం, ఇంకా ఇంత మిగిలింది అని చెప్తున్నాను. అలా చెప్తే చప్పట్లు తక్కువ పడతాయి. జనానికి కూడా ఫారంలో రెండు గడులే ఉన్నాయి.

ఆ ఏడు మే నెల సగం గడిచేసరికే చెరువు అడుగు కనపడింది. నీళ్ల ట్యాంకర్ల కోసం టీచరు గారు మళ్లీ ఫోన్ చేశారు. రెండో గంటకే ఎత్తాను.

"ఎవరో ఉన్నారే!" అన్నారావిడ.