పదమూడు ఏడ్ల ఎంత

నా చిన్నప్పుడు అలుపు వస్తే ఎవరికీ కనబడకుండా దాచేదాన్ని. అలిసిపోయిన పిల్లను మరునాడు అడవికి తీసుకుపోరు. అడవికి పోకపోతే నా ఆకుకట్టల లెక్క ఆగిపోతుంది. అన్నం మానమన్నా మానేదాన్నేమో కానీ లెక్క ఆగితే ఓర్చుకోలేకపోయేదాన్ని. ఇప్పుడు యాభై రెండేళ్ల వయసులో, జనగామలో పొద్దున్నే పరుగెత్తే అలవాటు చేసుకున్నాక, ఆ పిల్ల నాలో ఇంకా బతికే ఉందని అప్పుడప్పుడూ తెలుస్తూ ఉంటుంది. తెలిసినప్పుడల్లా భయం వేస్తుంది.

పరుగు మొదలుపెట్టి నాలుగేళ్లయింది. డాక్టరు షుగర్ ఉందని చెప్పి నడవమన్నాడు. నడుస్తూ నడుస్తూ పరుగులో పడ్డాను. మొదటి రోజు కాలేజీ గ్రౌండులో సగం రౌండుకే డొక్క పట్టేసి కూర్చుండిపోయాను. ఆ సగం రౌండును కూడా నోటుబుక్కులో రాసుకున్నాను. ఇరవై ఐదు రౌండ్లు, అంటే పది కిలోమీటర్లు, ఆగకుండా పూర్తి చేయడానికి పద్నాలుగు నెలలు పట్టింది. మొదటిసారి గంటా ముప్పై ఒక్క నిమిషాలు. ఇప్పుడు గంటా ఇరవై. నేను పెద్ద చదువు చదవలేదు. లెక్కలు బడి బయటే నేర్చుకుని రైస్ మిల్లులో తూకాలు రాసే పని చేస్తున్నాను కాబట్టి, అంకెల్లో చూస్తే తప్ప ఏదీ నిజమనిపించదు.

కొత్తగా పరుగుకు వచ్చిన ఆడవాళ్లు నన్ను అడుగుతుంటారు, అలుపును ఎట్లా గెలవాలని. గెలవొద్దని చెబితే నవ్వుతారు. ఎందుకు గెలవొద్దో చెప్పాలంటే నాకు పదేళ్లున్నప్పటి ఒక వేసవి రోజు గురించి చెప్పాలి. ఇన్నేళ్లలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మాది గంగారం వైపు అడవిలో ముప్పై ఇళ్ల పల్లె. ఇంట్లో మా మాట వేరు, బడిలో తెలుగు. వేసవిలో ఊరంతా బీడీలు చుట్టే తునికాకు కోతకు పోయేది. చీకటి విడవకముందే బయలుదేరి, ఎండ ముదిరే లోపు ఆకు కోసుకుని తిరిగి రావాలి. యాభై ఆకులు ఒక కట్ట. సాయంత్రం ఆ కట్టలను ఊరి బయట కల్లంలో అప్పగిస్తే, కల్లం చూసే మనిషి వాటిని నేల మీద వరసలుగా ఎండబెట్టించి లెక్కపెట్టుకునేవాడు. అందరూ ఆకు ఇంటికి తెచ్చాక కట్టలు కట్టేవాళ్లు. నేను మాత్రం చెట్టు కిందే లెక్కపెట్టి నారతో కట్టేసేదాన్ని. ఎన్ని అయ్యాయో తెలియకుండా ఇంటిదాకా నడవడం నా వల్ల కాదు.

నన్ను అడవికి తీసుకుపోయేది పక్కింటి అక్క. ఆమెకు ఇరవై రెండేళ్లుంటాయి, బడి మొహం చూడలేదు. మా ఇంటి మాటలోనే మాట్లాడేది, ఆమె మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఎండలో నడిచేటప్పుడు అక్క నా చేత గట్టిగా ఎక్కం చెప్పించేది. సులువైనది కాదు, పదమూడో ఎక్కం. ఆ ఎక్కం నాకు నేర్పింది కల్లం చూసే కాక. నెల్లికుదురు వైపు నుంచి ప్రతి వేసవీ వచ్చి మా పల్లెలో రెండు నెలలు ఉండేవాడు. అక్కకు ఎక్కంలో తప్పొప్పులు తెలియవు. అయినా నా గొంతు ఎక్కడ తడబడినా పట్టేసేది. తడబడ్డానంటే నన్ను నీడలో కూర్చోబెట్టి, సొరకాయ బుర్రలోని నీళ్లు తాగించి, మళ్లీ మొదటి నుంచి చెప్పించేది. తడబడకుండా చెప్పేదాకా లేవనిచ్చేది కాదు.

"గిట్ల కూసోబెడితే కట్టలెట్లయితయక్కా?" అని ఏడ్చేదాన్ని.

"కట్టలు రేపైతయి. నువ్వు రేపైతవా?" అనేది.

నాకది అవమానంగా ఉండేది. ఎక్కం రాని పిల్లను చేసి కూర్చోబెడుతోందని కోపం వచ్చేది. ఎండ ముందు తలకెక్కుతుందనీ, మనిషికి తెలియకముందే నోట్లో లెక్క తప్పుతుందనీ నాకు అప్పుడు తట్టలేదు.

ఆ రోజు దగ్గరి పొదల్లో ఆకు అయిపోయి చాలా దూరం పోయాం. పొద్దెక్కుతుంటే పిట్టల చప్పుడు కూడా ఆగిపోయింది. గాలి లేదు. నేను రెండుసార్లు తడబడ్డాను, రెండుసార్లూ అక్క కూర్చోబెట్టింది. తిరుగుదారి పట్టేసరికి నా దగ్గర ఇరవై తొమ్మిది కట్టలు. ముందు రోజు ముప్పై. గుట్ట కింది పొదల్లో ఇంకా కొంచెం ఆకు ఉందని నాకు తెలుసు. అక్కడ రెండు కట్టలు దొరికితే నిన్నటిని దాటుతాను. నా మనసంతా ఆ రెండు కట్టల మీదే ఉంది.

అప్పుడు ఎదురుగా కాక వచ్చాడు. ఆ సాయంత్రం వాగు అవతలి పల్లెకు లారీ వస్తుందట, అక్కడి కల్లం కూడా ఆయనే చూడాలి, పొద్దున్నుంచీ నడుస్తూనే ఉన్నాడట. అక్క వెనక ఎక్కడో మూట సరిచేసుకుంటోంది. కాక నన్ను చూసి ఎప్పటిలాగే ఆటపట్టించాడు.

"ఏందే పంతులమ్మా, నీ బడి అడివిలకు తెచ్చినవా?"

"కూసో కాకా, ఎండున్నది," అన్నాను. అక్క మాటే నా నోటి నుంచి అట్లా వచ్చేసింది.

"ఎండా? నాకేడిదే ఎండ! ఇయ్యాల అలుపే లేదు. సల్లగ, మంచిగున్నది."

మధ్యాహ్నపు ఎండలో ఆయన మొహం మీద ఒక్క చెమట చుక్క లేదు. సున్నం వేసిన గోడలా పొడిగా ఉంది. నాకెందుకో ఆయన్ను పరీక్షించాలనిపించింది. పదమూడు ఏడ్ల ఎంత అని అడిగాను. ఆయన క్షణమైనా ఆలోచించకుండా ఎనభై నాలుగు అన్నాడు.

తొంభై ఒకటి రావాలి. ఆ ఎక్కం నాకు నేర్పిన మనిషి, వేల కట్టలు వేలు మడవకుండా లెక్కపెట్టే మనిషి, ఎనభై నాలుగు అన్నాడు. నాకు మొదట సంతోషం వేసింది, కాకను ఓడగొట్టానని. ఆ తర్వాత ఆయన మొహం వైపు మళ్లీ చూశాను. నేను నోరు తెరిచేలోపే ఆయన నవ్వుకుంటూ, మామూలు కంటే పెద్ద అంగలు వేస్తూ వాగు వైపు పోయాడు. నేను అక్కడే నిలబడి చూశాను. ఆయన దారిలో తిన్నగా నడవడం లేదు.

అక్క వచ్చింది. దూరంగా పోతున్న కాకను చూసి, నుదురు మీద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"కాక గీ ఎండల పోతున్నడేంది? ఎక్కమడిగినవా? మంచిగ చెప్పిండా?"

చెప్పలేదంటే అక్క మూట అక్కడే పడేసి ఆయన వెంట పోతుంది, నన్నూ రమ్మంటుంది. అప్పటికే కోసిన ఆకు ఎండకు వాడిపోతుంది. ఇరవై తొమ్మిది దగ్గరే ఆగిపోతాను. ఇదంతా నేను ఒక్క ఊపిరిలో లెక్కవేశాను. పదేళ్ల పిల్లకు అంత తొందరగా లెక్క రాకుండా ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

"చెప్పిండు," అన్నాను.

సాయంత్రం కల్లంలో ముప్పై ఒక్క కట్టలు అప్పగించాను. తీసుకోవడానికి కాక లేడు, వేరే ఎవరో ఉన్నారు. పొద్దు వాలుతుండగా వాగు అవతలి పల్లె మనిషి ఒకడు వచ్చి, లారీ వచ్చి నిలబడింది, కాక ఇంకా రాలేదేమని అడిగాడు. అక్క కొంగు పట్టుకుని పక్కకు లాగి నిజం చెప్పాను. అక్క నన్ను కొట్టలేదు. నా మొహం వైపు ఒకసారి చూసి, ఆయన ఎన్ని అన్నాడో, ఎన్ని రావాలో అడిగింది. చెప్పాను. ఆ తేడా ఎంతో ఆమెకు తెలియదు. అయినా కొంగు నడుముకు బిగించి వాగు వైపు పరుగెత్తింది. పెద్ద ఆడమనిషి పరుగెత్తడం నేను మొదటిసారి చూసింది ఆ సాయంత్రమే. వెనక మగవాళ్లు కదిలేసరికి ఆమె చెట్లలో కలిసిపోయింది.

కాక వాగు ఇసుకలో దొరికాడు. సంచి తల కింద పెట్టుకుని, అంగీ గుండీలన్నీ పెట్టుకుని, చలికి ముడుచుకున్నట్టు పడుకుని ఉన్నాడట. అక్క ఇసుకలో చెలిమె తోడి, ఊరిన నీళ్లు దోసిళ్లతో ఆయన మీద పోస్తూ ఉందట. మంచం మీద మోసుకుని రోడ్డు దాకా, అక్కడి నుంచి మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఒకటి, ముప్పై ఒకటి అని తలలో తిరుగుతూనే ఉంది.

మరునాడు పొద్దున అక్క మా వాకిట్లోకి వచ్చి, రోజూ పిలిచినట్టే పిలిచింది. రానని ముడుచుకుని కూర్చున్నాను. చెయ్యి పట్టి లేపింది. ఎండ మొదలవగానే ఎక్కం చెప్పమంది.

"నన్నెందుకు నమ్ముతవక్కా?" అన్నాను.

"నీ కాలు నాకు నొస్తదా? నీ తల నాకు తిరుగుతదా?" అంది. "నువ్వు చెప్తెనే తెలుస్తది. నమ్మకుంటె నేనేం జెయ్యాలె? చెప్పు, నడువు."

అంతే. నిన్నటి మాట ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాత కూడా ఎత్తలేదు. కొడితే ఆ వేసవిలోనే మరిచిపోయేదాన్నేమో. నమ్మింది కాబట్టి మరిచిపోలేకపోయాను.

కాక బతికాడు. మరుసటి వేసవికి మళ్లీ మా పల్లెకు వచ్చాడు కూడా. నన్ను చూసి పంతులమ్మా అని పిలిచాడు, నవ్వాడు. కానీ కల్లంలో వరస మొదలుపెట్టి నాలుగైదు కట్టలు దాటగానే ఆగిపోయేవాడు. వెనక్కి చూసేవాడు. మళ్లీ మొదటి కట్ట దగ్గరికి పోయేవాడు. ఎవరూ చెప్పకుండానే నేను ఆయన పక్కన నడుస్తూ గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నేను చెప్పిన అంకెను ఆయన మెల్లగా పుస్తకంలో రాసేవాడు. ఎంత మంచి పిల్ల అని ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. అక్క ఒక్కతే ఏమీ అనలేదు. నేను లెక్కల్లో గట్టిదాన్ని అయింది ఆ రెండు వేసవుల్లోనే. మూడో ఏడు ఆయన రాలేదు.

పదిహేను రోజుల కిందట చుట్టాలింటికని ఘనపూర్ పోయాను. నాతో పరుగెత్తే చెల్లె కూడా వచ్చింది, జనగామలో బట్టలు కుడుతుంది. ఇద్దరం పొద్దున భూపాలపల్లి రోడ్డున పది కిలోమీటర్లు పరుగెడదామనుకున్నాం. బయలుదేరేసరికి ఆలస్యమైంది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఐదో కిలోమీటరు దాకా తొడలు బరువుగా, ఊపిరి బిగపట్టినట్టుగా ఉంది. అది నాకు అలవాటే. అలుపు ఎక్కువైతే వేగం తగ్గిస్తాను, నాలుగు నిమిషాలు నడుస్తాను, నీళ్లు పుక్కిలిస్తాను, మళ్లీ అందుకుంటాను. నాలుగేళ్లుగా నేను ముందుకు వచ్చిందంతా అట్లా దానితో బేరాలాడుకుంటూనే.

ఏడో కిలోమీటరులో అలుపు పోయింది. తగ్గడం కాదు, ఉన్నట్టుండి పోయింది. వాచీ చూస్తే అంత వేగం నా నోటుబుక్కులో ఎన్నడూ లేదు. ఆ లెక్కన పోతే గంటా పద్నాలుగు నిమిషాల్లో పూర్తవుతుంది. ఆరు నిమిషాలు ఒక్కసారే తగ్గుతాయి. చేతుల మీద చల్లగా, హాయిగా అనిపించింది. ఆ ఎండలో రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. నుదురు తుడుచుకుంటే అరచేయి పొడిగా వచ్చింది.

పది అడుగులు ముందున్న చెల్లె వెనక్కి తిరిగి, "ఎట్లున్నదక్కా?" అని అడిగింది.

మంచిగున్న అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకో ఇరవై నిమిషాలు ఆ మాట మీద నడిచిపోతుందని కూడా లెక్క వచ్చేసింది. నేను పరుగు ఆపి, రోడ్డు పక్క వేపచెట్టు కిందికి నడిచాను.

"మంచిగ లేదు చెల్లే. నన్ను పట్టుకో."

"అయ్యో, గింత మంచి టైము పోతున్నది గదక్కా!" అంటూనే వచ్చింది. నా చెయ్యి పట్టుకుని చెట్టు మొదట్లో కూర్చోబెట్టింది. తన సీసాలో మిగిలిన నీళ్లన్నీ నా తల మీద పోసేసింది. కాసేపటికి నాకు వణుకు వచ్చింది. ఆ తర్వాత చెమట, దాని వెనకే అలుపు తిరిగి వచ్చాయి. ఒళ్లంతా బరువెక్కింది. ఆ బరువు తెలిశాక నాకు ఏడుపొచ్చింది.

ఈ మధ్య మా ఆయన, పిల్లలు, మిల్లులో వాళ్లు నన్ను విసుక్కుంటుంటారు, ఎట్లున్నవని అడిగితే వెంటనే జవాబు చెప్పనని. ఒక చిన్న మాటకు అంత ఆలోచన ఏమిటంటారు. అడిగిన మనిషికి నా మాట తప్ప ఇంకో ఆధారం లేదు. అందుకే ఒకసారి లోపలికి చూసుకుని, ఉన్నది ఉన్నట్టు చెబుతాను.