మొలూక్ పీకేసిన మొక్కలు

జహ్రోమ్ ఊళ్ళో, ఖర్జూరం తోటలకు ఆనుకుని ఉన్న వీధిలో, శుభ్రానికి మొలూక్ పెట్టింది పేరు. ఆమె ఊడ్చిన వాకిట్లో అన్నం పెట్టుకుని తినొచ్చు అనేవాళ్ళు ఆడవాళ్ళు. అన్నవాళ్ళే గొంతు తగ్గించి, "కబుర్లకి మాత్రం మేడమీదకే పోదాం పదండే" అని పరీవష్ దగ్గరికి మెట్లెక్కేవాళ్ళు. ఆ రెండో మాట కూడా మొలూక్‌కి వినబడేది. ఆమె చెవులు కూడా అంత శుభ్రంగానే ఉండేవి.

పరీవష్ ఆమె తోడికోడలు. మొలూక్ భర్త కరామత్ షీరాజ్‌కి బస్సు నడిపేవాడు. మరిది జమ్‌షీద్ బజారులో దర్జీ. కింద మొలూక్ వాళ్ళు, మేడమీద పరీవష్ వాళ్ళు, మధ్యలో మెట్ల పక్కగదిలో అత్తగారు బీబీ కౌకబ్. మొలూక్ ఆ ఇంటికి వచ్చిన ఆరేళ్ళకి పరీవష్ వచ్చింది. వచ్చిన మొదటి రోజే చాయ్ పళ్ళెం జారవిడిచి, నాలుగు గాజు గ్లాసులు పగలగొట్టి, ఫక్కుమని నవ్వింది. బీబీ కూడా నవ్వింది. అంతకు ఆరేళ్ళ ముందు ఒక్క గ్లాసు అంచు చిట్లినందుకు మొలూక్‌ని అదే బీబీ వారం రోజులు దెప్పింది. అత్త దెప్పినందుకు మొలూక్ ఎప్పుడూ ఏడవలేదు. ఆ రోజు మాత్రం, తోడికోడలు నవ్వినందుకు, వంటింట్లోకి పోయి ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చింది.

అప్పట్నుంచీ అంతే. అన్నం అడుగున కరకరలాడే చెక్క మొలూక్ గిన్నెలో కాస్త రంగు తిరిగితే "మాడింది" అనేది బీబీ. పరీవష్ గిన్నెలో నల్లగా బొగ్గయినా "బాగా వేగింది, నా పళ్ళకి గట్టిదే ఇష్టం" అని కొరికేది. పరీవష్ మధ్యాహ్నం దాకా గిన్నెలు తోమేది కాదు. ఆమె పిల్లల చొక్కాలకి ఎప్పుడూ ఒక బొత్తాం ఉండేది కాదు, తండ్రి దర్జీ అయ్యుండీ. అయినా ఆ ఇంట్లో నవ్వు వినబడేది మేడమీద నుంచే.

ఆ ఇంటికి వీధిలో ఇంకో పేరు కూడా ఉంది, షబ్బూ పూల ఇల్లు అని. సాయంత్రం పొద్దు వాలగానే వాటి వాసన గోడ దాటి వీధి మలుపు దాకా పోయేది. వసంతంలో వచ్చే కొత్త సంవత్సరం, నౌరూజ్ పండక్కి సరిగ్గా విచ్చుకునేవి. తెలుపు, ఊదా, లేత గులాబీ రంగుల్లో. వాటిల్లో ముద్దపూలు ముద్దగా, గుత్తులు గుత్తులుగా, చూసినవాళ్ళ కాళ్ళు ఆగిపోయేలా ఉండేవి. వాటి మధ్య నాలుగంటే నాలుగు రేకులతో, వెలవెలబోతూ ఒంటిరేకు మొక్కలు కూడా వచ్చేవి, ఏ ఏడు చూసినా దాదాపు సగానికి సగం. వాకిట్లో నూనె డబ్బాలకి ఆకుపచ్చ రంగు వేసి, వరస తప్పకుండా పేర్చి, వాటిల్లో మొక్కలు పెంచేది మొలూక్. మొదటి మొగ్గ విప్పగానే ఏది ఒంటిరేకో చూసి, దాన్ని వేళ్ళతో సహా పీకి చెత్తబుట్టలో పారేసేది. పండక్కి వచ్చినవాళ్ళ కంట్లో ఒక్క బోడిపువ్వు పడకూడదు. విత్తనాల సంగతి మాత్రం బీబీ చూసుకునేది. ఏటా వేసవిలో మేడమీద తన డబ్బాల దగ్గర కూర్చుని కాయలు దులుపుకుని, పాత చాదర్ గుడ్డతో కుట్టిన చిన్న సంచీలో పోసి, పైన సామాన్ల గదిలో మేకుకి తగిలించేది. ఎండలు తగ్గాక గుప్పెడు గుప్పెడు పంచేది.

ఇరాక్‌తో యుద్ధం ఆగిపోయిన ఏడాది బీబీ మంచాన పడింది. మూడు నెలలు ఆమె ఒళ్ళు తుడిచిందీ, పక్కబట్టలు మార్చిందీ, చెంచాతో గంజి తాగించిందీ మొలూక్. పరీవష్ వచ్చి మంచం అంచున కూర్చుని వీధి కబుర్లు చెప్పి, ముసలామెని నవ్వించి పోయేది. ఒకరోజు మొలూక్ గోరువెచ్చని నీళ్ళ పళ్ళెం పట్టుకుని గదిలోకి వచ్చేసరికి బీబీ పరీవష్ చెయ్యి పట్టుకుని ఉంది.

"పరీ, పైన మేకుకున్న విత్తనాల సంచీ ఇక నీది. మీ అక్కకి నువ్వే పెట్టు."

మొలూక్ పళ్ళెం తెచ్చి మంచం పక్కన దించింది. నీళ్ళు ఒలకలేదు. ఒలకనిచ్చే మనిషి కాదు.

ఆ రాత్రి మొగుడితో అంది, "నేను కాళ్ళు కడిగాను, సంచీ దానికిచ్చింది."

"నాలుగు గింజలకి ఇంత గొడవేంటి మొలూక్?" అన్నాడు కరామత్, నిద్రకళ్ళతో.

"గింజలా? నీకేం తెలుస్తుందయ్యా. గింజలైతే బజార్లో దొరకవా?"

బీబీ శీతాకాలంలో పోయింది. తర్వాత ఎండలు తగ్గగానే పరీవష్ కాగితం పొట్లం పట్టుకుని దిగివచ్చింది.

"ఇదిగో అక్కా, నీ వాటా. సగానికి సగం. కొలిచే ఓపిక లేక చేత్తోనే పోశాను, ఒకటి అటూ ఇటూ అయితే తిట్టుకోకు."

మొలూక్ నవ్వి తీసుకుంది. పరీవష్ మెట్లెక్కిపోగానే ఆ పొట్లం అలమరలో విసిరికొట్టింది. పద్దెనిమిదేళ్ళు నీళ్ళు పోసిన చెయ్యి, ఇప్పుడు చాపి అడుక్కోవాలా? ఒక్క ఏడు ఆగు, నా విత్తనం నేను తీసుకుంటాను, అనుకుంది.

పొట్లంలోవి చల్లితే ఆ ఏడు పూలు బాగా పూశాయి. ఒంటిరేకువి ఏరి పీకేసి, ముద్దపూల మొక్కలకి కర్రలు ఆసరా పెట్టి కాయల కోసం చూసింది. పూలు వాడాయి, రాలాయి, ఒక్క కాయ కట్టలేదు. ఎండుకొమ్మలు ఉత్తి చీపురుపుల్లల్లా నిలబడ్డాయి. రోజూ పొద్దున్నే వంగి చూసుకునేది. పైన ఏం జరుగుతోందో ఎక్కి చూడలేదు. అత్త ఉండగా ఆ మేడతో ఆమెకి పని లేదు, అత్త పోయాక ఎక్కే మనసు లేదు. పొరుగింటి సఫూరా మాత్రం, "పరీ కాయలు దులుపుతోంది, చాటెడు వచ్చాయి" అని ఊరికే అనకుండా ఉండలేక అనిపోయింది.

మొలూక్‌కి ఒళ్ళు మండిపోయింది. మెట్ల దగ్గర పరీవష్‌ని నిలదీసింది.

"గొడ్డు విత్తనాలు నాకిచ్చి, మంచివి నువ్వు దాచుకున్నావు కదూ?"

పరీవష్ నోరు తెరుచుకుని చూసింది. "అయ్యో అక్కా, ఒక్క సంచీలోవే కదా! గొడ్డువేవో మంచివేవో ఏరేంత తెలివి నాకుంటే జమ్‌షీద్ నన్ను రోజూ ఎందుకు తిడతాడు?"

"నవ్వు, నవ్వు. నీకు అన్నీ నవ్వులే."

ఎండల చివర్లో పరీవష్ వాళ్ళు షీరాజ్‌లో పెళ్ళికి పోయారు, నాలుగు రోజులకి. రెండో రోజు మొలూక్ మేడ ఎక్కింది. దొంగతనానికి పోతున్నానని ఆమె అనుకోలేదు. ఒకసారి చూసి వద్దామనుకుంది. సామాన్ల గది తలుపు వారగా ఉంది. లోపల చాయ్ కాచే పాత సమవార్, చిరిగిన పరుపు, ఎండు నిమ్మకాయల బుట్ట, అన్నింటి మీదా వేలెడు దుమ్ము. మేకుకి సంచీ. చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా, గలగలమంది. అంచున సన్నటి తెల్లటి పొరతో బల్లపరుపు గింజలు, బీబీ వేళ్ళ మధ్య ఎన్నిసార్లు చూసిందో. గింజలు చాదర్ కొంగులో ఒంపుకుంటే సరిపోయేది. సంచీతో సహా తీసుకుని దిగిపోయింది. దిగుతుంటే పొద్దుట్నుంచీ ఉన్న తలనొప్పి తగ్గిపోయింది.

పెళ్ళినుంచి వచ్చాక పరీవష్ సంచీ కోసం వెతికింది. "ఎలకలు ఎత్తుకుపోయాయేమో అక్కా" అంది. మొలూక్, "నీ ఇంట్లో ఎలకలు కాపురం పెట్టినా నీకు తెలియదు" అంది.

ఆ పండక్కి ఇరవైరెండు డబ్బాల్లో పూలు విరబూశాయి. ఒక్కటంటే ఒక్కటి ఒంటిరేకుది లేదు. మేడమీద బోడి డబ్బాలు. చుట్టాలు వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి, "మాషాల్లా మొలూక్, బీబీ కౌకబ్ ఉన్నా ఇంత పూయించేది కాదు" అన్నారు. మొలూక్ మిఠాయి పళ్ళెం తిప్పుతూ, ప్రతి ఒక్కరి కళ్ళూ ఎటు చూస్తున్నాయో గమనించింది. అందరూ వాకిలే చూశారు. పైకి చూసినవాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళలో ఆమె కడుపునిండా తిన్న పండగ అదొక్కటే. పరీవష్ కూడా దిగివచ్చి, పూలలో ముఖం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చి, "ఎంత బాగున్నాయో అక్కా! పైకి కూడా వాసన వస్తోంది. నాకిదే చాలు" అంది. ఆ మాటతో మొలూక్ నోట్లో మిఠాయి చేదెక్కింది. ఏడవాల్సిన మనిషి ఏడవకపోతే గెలిచి ఏం లాభం?

వేసవి వచ్చింది. మళ్ళీ ఒక్క కాయ లేదు. సంచీ అడుగున ఒక్క గింజ లేదు, అన్నీ చల్లేసింది. బజారు విత్తనం కొంటే ఇంటిది పోయిందని ఊరికి తెలుస్తుందని కొనలేదు. మరుసటి పండక్కి కిందా లేవు, పైనా లేవు. వీధి మలుపులో వాసన లేదు. వచ్చినవాళ్ళు, "ఏమైంది, షబ్బూలు వెయ్యలేదా?" అని అడిగితే, "నీళ్ళకి కరువు" అని అబద్ధమాడింది.

ఆ పండగ అయిదో రోజున సఫూరా పిలిస్తే తోడికోడళ్ళిద్దరూ వెళ్ళారు. సఫూరా పెరట్లో గోడవార, పగిలిన కుండల్లో, షబ్బూ పూలు. ముద్దవీ ఒంటివీ కలగాపులగంగా.

"ఎక్కడివే ఇవి?" అంది మొలూక్.

"ఎక్కడివేంటి, మూడేళ్ళ కిందట పరీ ఇచ్చింది. అప్పట్నుంచీ నా కాయలే నేను దులుపుకుంటున్నా. మీకు పోయాయటగా, ఈసారి ఇస్తాలే." సఫూరా వంగి ఒక మొక్క కొమ్మ పట్టి చూపించింది. పువ్వు పడిపోయిన చోట సన్నగా, పొడుగ్గా, ఆవమొక్క కాయల్లాంటి పచ్చికాయలు. "ఈ ఒంటిరేకుదానికే మొదలయ్యాయి చూడు."

"ముద్దవాటికి?"

"ముద్దవాటికి కాయలెక్కడివి? అవి గొడ్డువి కదే! ఒంటిదాని విత్తనం వేస్తేనే సగం ముద్దవి వస్తాయి. నీకు తెలీదా?" అని ఒక్క క్షణం ఆగి, మొలూక్ ముఖం చూసి, "ఓరి దేవుడా, అన్నీ పీకేశావా?" అంది.

మొలూక్ ఏటా ఎన్ని మొక్కలు చెత్తబుట్టలో వేసిందో లెక్కలేదు.

"బీబీ నాతో అనేది," అంది సఫూరా, కాస్త మెల్లగా. "మొలూక్ చేతికి సంచీ ఇస్తే రెండేళ్ళలో వంశం అంతరిస్తుంది, పరీ అయితే బద్ధకానికి ఒక్క మొక్క పీకదు అని."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెబితే నొచ్చుకుంటావని. నీ శుభ్రం మీద మాట పడితే ఊరుకునేదానివా నువ్వు?"

మొలూక్ తోడికోడలి వైపు తిరిగింది. "నేను పీకుతుంటే పైనుంచి చూస్తూనే ఉన్నావు. ఒక్క మాట అనలేదే?"

"నాకేం తెలుసక్కా!" అంది పరీవష్. "కాయ ఉన్న కొమ్మల్లా దులిపేదాన్ని. ఏది ఒంటిదో ఏది ముద్దదో నేనెప్పుడు చూశాను? నువ్వు పీకుతుంటే ఏదో తెలిసే పీకుతోందిలే అనుకున్నా. మనింట్లో నీకు తెలియనిది ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు."

ఇద్దరూ ఇంటికి వచ్చారు. మెట్ల దగ్గర మొలూక్ ఆగింది. ఒప్పుకుందామనే అనుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "ఆ సంచీ..." అంది.

"తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"ఎలకలు తీసుకెళ్తే మేకు చుట్టూ గోడ తుడిచి పోతాయా? గదంతా దుమ్ము, మేకు దగ్గర మాత్రం చేతెడు మేర అద్దంలా ఉంది." పరీవష్ నవ్వింది, కానీ పెద్దగా కాదు. "చూడగానే నువ్వేనని తెలిసింది. జమ్‌షీద్‌కి చెప్పలేదు, పిల్లలకీ చెప్పలేదు. పోనీలే, అక్క మూడు నెలలు బీబీని మోసింది, సంచీ అక్కకే రావాల్సింది, నేను నోరు తెరిచి ఇవ్వలేకపోయాను అనుకున్నా."

మొలూక్‌కి సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. ఆ సిగ్గుకి అడుగున, ఇంకా పాతమంట ఒకటి భగ్గుమంది. దొంగని పట్టుకుని కూడా నోరు మూసుకున్న మంచితనం, అది కూడా దీనికే దక్కాలా? ఈ ఇంట్లో ఒక్కటైనా నాకు మిగలనివ్వదా? ఆ రాత్రి ఈ మాట ఆమె మొగుడికి కూడా చెప్పలేదు.

ఆ ఎండల్లో సఫూరా విత్తనాలు ఇచ్చింది. ఇద్దరూ పంచుకున్నారు. కొలిచింది మొలూక్, చెంచాతో. తర్వాతి ఏడు వాకిట్లో ఆకుపచ్చ డబ్బాల మధ్య ఆరు ఒంటిరేకు మొక్కలు మిగిలాయి. వాటిని చూసినప్పుడల్లా ఆమె వేళ్ళు దురదపెట్టేవి. పండక్కి వచ్చినవాళ్ళెవరైనా చూస్తే, అడక్కుండానే, "విత్తనానికి ఉంచాను, తెలియకుండా కాదు" అని చెప్పుకునేది.

అలా పదిహేనేళ్ళు గడిచాయి. కరామత్ బస్సు మానేశాడు. పిల్లలకి పెళ్ళిళ్ళయ్యాయి. పరీవష్‌కి మోకాళ్ళు పట్టేసి, మెట్లు ఎక్కడం దిగడం కష్టమై, పైనే గదిలో కూర్చుని ఉండేది. ఆమె డబ్బాలకి నీళ్ళు మోసే పని మొలూక్ మీద పడింది. ఎవరూ అడగలేదు. తనే ఒకరోజు ఎండిన మట్టి చూసి సహించలేక మొదలుపెట్టింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, అరవై దాటిన ఒంటితో, ఒక చేత్తో నీళ్ళడబ్బా, ఇంకో చేత్తో గోడ పట్టుకుని ఎక్కేది. మట్టి గుల్ల చేసేది, పురుగులు ఏరేది. పరీవష్ కిటికీలోంచి, "అక్కా, కాస్త కూర్చో, చాయ్ తాగిపో" అనేది. "నీ గ్లాసులు కడిగి ఎన్నాళ్ళయింది?" అని తనే కడిగి, తనే పోసుకుని తాగేది.

ఆ నౌరూజ్‌కి మేడమీది పూలు కిందవాటిని మించిపోయాయి. ఎండ ఎక్కువ తగలడం వల్లో ఏమో, ముద్దలు పిడికిళ్ళంత అయ్యాయి. సఫూరా కోడలు కొత్తగా పెళ్ళైన పిల్ల, చుట్టాలతో వచ్చి, మేడమీద నిలబడి రెండు చేతులూ జోడించి, "పరీవష్ అత్తా, ఏమైనా నీ చెయ్యి మహిమే వేరు!" అంది.

మొలూక్ ఆ పిల్ల వెనకే ఉంది, నిండు నీళ్ళడబ్బాతో, ఆయాసపడుతూ.

"నా చెయ్యి కాదే, అదిగో..." అని పరీవష్ చెప్పబోయింది. అప్పటికే ఆ పిల్ల కిందికి పరిగెత్తింది, అందర్నీ పిలుచుకురావడానికి.

"చెప్పకు," అంది మొలూక్, డబ్బా దించుతూ. "నువ్వు చెబితే మళ్ళీ నీ మంచితనమే అంటారు. నోరు మూసుకుని కూర్చో."

పరీవష్ పొట్ట పట్టుకుని నవ్వింది. మొలూక్‌కి నవ్వు రాలేదు. వంగి, ఒంటిరేకు మొక్కల మొదళ్ళలో ముందుగా నీళ్ళు పోసింది.