ఆ మాటలు నావి కావు

అమెరికాలో మేముండే క్యారీ ఊళ్లో మా పక్కింటి అంకుల్‌కి నాటకాల పిచ్చి. జాతివివక్ష మీద ఒకప్పుడు జరిగిన పేరున్న చర్చను ఇక్కడి థియేటర్‌లో నాటకంగా వేస్తుంటే, నల్లవాళ్లకు సమాన హక్కులు వద్దని వాదించే వక్త వేషానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆయన ఒప్పుకున్నారు. రిహార్సల్ అయిన ప్రతిసారీ, ఎదుటి వక్తగా వేసే నల్లజాతి మాస్టారి చేయి పట్టుకుని, "ఆ మాటలు నావి కావు" అని ఇంగ్లిష్‌లో చెప్పేవారు.

ప్రదర్శన అయ్యాక మావారు స్టేజీ దగ్గరికెళ్లి, "ఇరగదీశారంకుల్. అయినా వాళ్ల గురించి మీరన్నదాంట్లో తప్పేముంది?" అన్నారు తెలుగులో. పక్కనే ఉన్న మాస్టారు నవ్వుతూ, "ఏమంటున్నారు?" అని అంకుల్‌ని అడిగారు.

అంకుల్ అలవాటుగా ఆయన చేయి పట్టుకున్నారు. ఎప్పుడూ చెప్పే ఆ ఒక్క మాట ఆ రోజు నోట రాలేదు. నేను మాస్టారికి ఓ నవ్వు నవ్వి, మావారిని తీసుకుని బయటికి నడిచాను.