మేడమీది గదిలో టాంజానియా పిల్ల

మొన్న పలాస స్టేషన్లో మా చెల్లెల్ని రైలెక్కించి బయటికి వస్తుంటే, పెట్టెలు ఈడ్చుకుంటూ వచ్చిన ఇద్దరు ఆఫ్రికా ఆడపిల్లలు ఆటో దగ్గర ఆగి, టెక్కలి బస్సు దగ్గర దింపమని చక్కని తెలుగులో అడిగారు. ఆటో అతను తల కూడా ఎత్తకుండా ఎక్కమన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరూ తిరిగి చూడలేదు. నేనే అక్కడ నిలబడిపోయాను. పదేళ్ళ పైమాటే అయి ఉంటుంది, మా మేడమీది గదిలో అద్దెకున్న టాంజానియా పిల్ల కళ్ళముందు మెదిలింది.

అప్పట్లో నేను టెక్కలిలో హైస్కూలు టీచర్ని, మావారు ఒక ఆఫీసులో గుమస్తా. మా అత్తగారు ఉద్దానంలో జీడితోట చేసిన మనిషి. మామగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారన్న మాటేగానీ, మనసు మాత్రం ఆ చెట్ల కిందే ఉండేది. మా ప్రాంతంలోని ఒక ఇంజనీరింగు కాలేజీలో చదువుకోవడానికి పరాయి దేశాల పిల్లలు రావడం అప్పుడప్పుడే మొదలైంది. హాస్టలు తిండి పడక, వండుకోవడానికి ఓ గది కావాలని ఆ పిల్ల తిరగని వీధి లేదట. టూలెట్ బోర్డు వేలాడుతున్న గుమ్మాల్లోనే ఖాళీ లేదన్నారట. మావారు మనసాగక ఇంటికి తీసుకొచ్చారు. అత్తగారికి కోపం వచ్చింది.

"ఏ దేశం పిల్లో ఏటో. ఏటి తింటాదో, ఎవులొత్తారో. నన్నొక మాట అడగక్కర్నేదా?" అని రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు.

ఆ పిల్ల మాత్రం పొద్దున్నే మెట్లు దిగి, తల వంచి ఆవిడకి దణ్ణం లాంటిదేదో పెట్టి "బీబీ" అని పలకరించేది. "నన్ను బీబీ అంటాదేటే?" అని అత్తగారు నన్ను అడిగితే, వాళ్ళ భాషలో మామ్మని అలా పిలుస్తారని కనుక్కుని చెప్పాను. ఆవిడ మూతి తిప్పుకుని, "మరైతే మామ్మ అనే అనమను" అన్నారు.

కాలేజీ నుంచి రాగానే ఆ పిల్ల రోజుకో వీధి చొప్పున ఊరు చూడ్డానికి బయల్దేరేది. మొక్కజొన్న పిండి ఎక్కడ దొరుకుతుంది, ఏ సందులో కుక్కలు మొరుగుతాయి, ఏ కొట్టువాడు నవ్వుతూ మాట్లాడతాడు, అన్నీ వచ్చి నాకు ఇంగ్లీషులో చెప్పేది. హరిశ్చంద్రపురం నుంచి ఉద్యోగానికి కొత్తగా వచ్చిన రోజుల్లో నేనూ అలాగే టెక్కలి వీధుల్ని బితుకుబితుకుమంటూ నేర్చుకున్నాను. మీలో చాలామందికి ఇలాంటి అనుభవం ఉండే ఉంటుంది. కాకపోతే మనల్ని ఎవరూ వింతగా చూడలేదు. ఆ పిల్ల వెంట చిన్నపిల్లలు గుంపుగా నడిచేవారు, ఆడవాళ్ళు అడగకుండానే జడలు ముట్టుకుని చూసేవారు. ఒకనాడు బజారులో నలుగురు కుర్రాళ్ళు చుట్టూ చేరి ఫోన్లతో ఫొటోలు తీస్తూ నవ్వారు. కొన్న కూరలు అక్కడే వదిలేసి వచ్చి గది తలుపు వేసుకుంది. ఆ తర్వాత బజారుకి వెళ్ళడం మానేసింది, కాలేజీకీ సరిగా వెళ్ళేది కాదు. పరీక్షలు రాసి వెళ్ళిపోతాను, మళ్ళీ రాను అని ఒక సాయంత్రం నాతో చెప్పింది.

అది జీడిపిక్కలు ఏరే కాలం. సెలవులకి అత్తగారిని ఉద్దానంలోని ఆవిడ ఊరికి తీసుకెళ్తూ, ఆ పిల్లని ఒంటరిగా వదలలేక వెంట రమ్మన్నాను. కాశీబుగ్గలో బస్సు మారేదాకా కిటికీకి తల ఆనించుకునే ఉంది. బస్సు సముద్రం వైపు తిరిగి, తోటల్లోంచి మగ్గిన జీడిపండ్ల పులుపూ తీపీ కలిసిన వాసన లోపలికి కొట్టగానే నిటారుగా కూర్చుంది. ఊళ్ళో దిగీ దిగగానే తోటలోకి నడిచి, రాలిన పండు తీసి, పిక్కని ఒక్క మెలితో వేరుచేసి కొంగులో వేసుకున్నట్టు చున్నీలో వేసుకుంది. పండు కొరికి, రసం మోచేతిదాకా కారుతుంటే అలాగే ఏడ్చింది.

అత్తగారు విస్తుపోయారు. "ఇదెవులు నేర్పినారే దీనికి?"

ఆ ప్రశ్న అర్థమైనట్టుంది, "అమ్మ" అంది ఆ పిల్ల తెలుగులోనే. వాళ్ళదీ సముద్రం పక్క ఊరేననీ, వాళ్ళకీ జీడితోట ఉందనీ చెప్పి, పిక్కలు కాల్చేటప్పుడు సొన పడిందని బొటనవేలి పక్కన నల్లటి మచ్చ చూపించింది. అత్తగారు తన చెయ్యి తెచ్చి దాని పక్కన పెట్టారు. ఆవిడ వేళ్ళనిండా అవే మచ్చలు.

"మరి నువ్విక్కడుంటే మీ యమ్మ ఒక్కర్తే ఏరుకుంటాది గదా?" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆ పిల్ల తల ఊపింది. "అంత కట్టం పడి పంపితే, ఎవుడో పోటో తీసినాడని ఎల్లిపోతావా? నేనొత్తాను నీతో బజారికి. ఎవుడు తీత్తాడో సూద్దారి."

అన్నంతపనీ చేశారు. టెక్కలి తిరిగొచ్చాక సంచీ పట్టుకుని ఆ పిల్లని వెంటబెట్టుకుని బజారంతా తిరిగారు. ఫోను ఎత్తిన ఓ కుర్రాణ్ణి నిలబెట్టి, "ఇది నా మనవరాలు. మీ ఇంట్లో ఆడపిల్లలు నేరా?" అని అడిగితే వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ మాటలే పట్టుకుని ఆ పిల్ల ఒకరోజు ఆటోస్టాండులో "మావా, వత్తావా?" అనేసరికి స్టాండు స్టాండంతా ఘొల్లుమంది. ఆ నవ్వులో ఆ పిల్ల నవ్వూ కలిసింది. తర్వాత ఆ పిల్లని ఎరగని ఆటోవాడు లేడు. చదువు పూర్తిచేసే వెళ్ళింది. ఇప్పుడు వాళ్ళ ఊరి రేవులో ఇంజనీరు.

అత్తగారు పోయి చాలా కాలమైంది. ఇప్పుడొచ్చే పిల్లలకి గదులు ఫోన్లోనే దొరుకుతున్నాయి, ఊరు ఒక్క పూటలో తెలిసిపోతోంది, ముందే వచ్చిన వాళ్ళ దేశం పిల్లలు అన్నీ చెప్పేస్తున్నారు. ఏ పిల్లా తలుపు వేసుకుని ఏడవక్కర్లేదు, అదెంతో మంచి మార్పు. ఒక్కటే అనిపిస్తుంది. ఆ పిల్ల ఏ రోజైనా చీకటి పడ్డాక వస్తే అత్తగారు గేటు దగ్గరే నిలబడి "ఎక్కడికెల్లిపోయినావే ఇంతసేపూ?" అని కేకలేసేవారు. ఆ తిట్లు తింటూ ఆ పిల్ల మెల్లగా నవ్వుకునేది. ఆలస్యమైతే తిట్టే మనిషి ఒక్కరైనా ఉంటేగానీ పరాయి ఊరు మనదవదు. ఈ పిల్లల్ని అలా ఎవరు తిడుతున్నారో ఏమో.